మూడున్నర రూపాయల చాట

  

 పోస్టు పొడుగు. మెస్సులో తినేసి వచ్చి తీరిగ్గా చదవండి. సగం చదివి కామెంట్ పెట్టొద్దు, పూర్తిగా చదివి తిట్టండి, పడతాం.

పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న రాసినాడు. "కోడింగులు, ఏపీఐలు మనోళ్ళకెందుకురా? మన బుట్టలు, మన కుట్టుపని ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టండి. ఆన్‌లైన్‌లో పెట్టాలంటే కమీషన్ ఇస్తే పెట్టేవాళ్ళు ఉంటారు, వాళ్ళే చూసుకుంటారు. మీరు గ్రూప్స్‌కి చదువుకోండి." ఆ మాటకు శానా లైకులు పడినాయి. మా హాస్టల్లోనే నలుగురు కొట్టినారు.

అన్న మీద కోపం లేదు. అన్న మన మంచి కోరే రాసినాడు. కానీ "వాళ్ళే చూసుకుంటారు" అనే మాట ఉంది చూడండి, దాని మీద మాకు కోపం ఉంది. మన తాతలు ఆ మాట నమ్మే వేలిముద్ర వేసినారు. కాగితంలో ఏముందో వాళ్ళే చూసుకున్నారు. ఈ పోస్టు ఆ మాట మీద.

ముందు మేం చేసిన తప్పు చెప్తాం. దాచుకోకుండా చెప్తేనే మిగతాది మాట్లాడే హక్కు మాకు ఉంటుంది.

మేం ఆరుగురం. అందరం డిగ్రీ. ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళం మేమే మొదలు. ఈ ఎండాకాలం సెలవుల్లో ఒక పని మొదలుపెట్టినాం. పుంగనూరు దగ్గర ఒక ఎరుకల కాలనీలో అల్లే చాటలు, తట్టలు, కోళ్ళ గంపలు 18 రకాలు. మదనపల్లె పక్క తండాలో మన సుగాలి అక్కలు కుట్టిన అద్దాల పని సంచులు, దిండు గలీబులు 21 రకాలు. కుప్పం దగ్గర ఒక మహిళా సంఘం చింతపండు, నాలుగు సైజుల ప్యాకెట్లు. మొత్తం 43. వీటిని ఒక ఆన్‌లైన్ అంగడిలో పెట్టాలనుకున్నాం. అంగడి పేరు చెప్పం, తప్పు మాది కాబట్టి.

ఒక్కొక్కటీ చేత్తో ఎక్కిస్తే నెల పడుతుంది. అందుకే మాలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివేవాడు చిన్న ప్రోగ్రాం రాసినాడు. ఎక్సెల్ షీట్‌లో ఉన్నవన్నీ అంగడి ఏపీఐకి ఒకేసారి పంపుతుంది. ఏపీఐ అంటే తెలియని తమ్ముళ్ళకు ఒక్క మాట: అంగడికి ముందర గుమ్మం ఉంటుంది, అది మనుషులకు. వెనక ఒక కిటికీ ఉంటుంది, అది ప్రోగ్రాములకు. ఆ కిటికీ దగ్గర కూర్చున్నవాడికి మొహమాటం తెలియదు, నీ యాస అర్థం కాదు, "రొంత సర్దుకో అన్నా" అంటే వినడు. చీటీ ఎట్ల రాయమన్నాడో అట్ల రాస్తే తీసుకుంటాడు, లేకుంటే వెనక్కి విసిరేస్తాడు.

మా 43 చీటీల్లో 31 వెనక్కి వచ్చినాయి.

తొమ్మిది ధర దగ్గర పోయినాయి. మేం 1,250 అని కామా పెట్టినాం. కామా ఉంటే కంప్యూటరుకు అది అంకె కాదు, అక్షరాల వరుస. మనం లక్షను 1,00,000 అని రాస్తాం, అమెరికావాడు 100,000 అని రాస్తాడు, జర్మనీవాడు మనం చుక్క పెట్టేచోట కామా పెడతాడు. అందుకే కిటికీ దగ్గర కామా అసలు ఉండకూడదు. రూపాయి గుర్తు కూడా ఉండకూడదు. 2010లో మన రూపాయికి గుర్తు వచ్చింది, మంచిదే, అది కొనేవాడి కంటికి. ప్రోగ్రాముకు మాత్రం ఐ ఎన్ ఆర్ అనే మూడక్షరాలు వేరే గడిలో రాయాలి.

ఏడు తేదీ దగ్గర పోయినాయి. 05/06/2025 అంటే మనకు జూన్ 5. అమెరికావాడికి మే 6. ఎవరిది కరెక్టు? ఇద్దరిదీ. అందుకే 1988లోనే ఐఎస్ఓ 8601 అని ఒక ఒప్పందం రాసుకున్నారు: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. 2025-06-05. దీన్ని ఎవరూ రెండు రకాలుగా చదవలేరు. ఇట్ల రాస్తే ఇంకో లాభం, మామూలుగా వరుసలో పెట్టినా తేదీలు వాటంతట అవే క్రమంలో కూర్చుంటాయి. టైం రాసేటప్పుడు వెనక ప్లస్ 05:30 అని కూడా రాయాలి. అది మరిస్తే గ్రీన్‌విచ్ టైం అనుకునే కిటికీలు ఉంటాయి. అప్పుడు రాత్రి పన్నెండుకు మొదలవ్వాల్సిన మన అమ్మకం పొద్దున అయిదున్నరకు మొదలవుతుంది.

ఆరు అవును-కాదు దగ్గర పోయినాయి. "చేత్తో చేసిందా?" అనే గడిలో ఒకడు ఎస్ అన్నాడు, ఒకడు వై అన్నాడు, ఇంకోడు తెలుగులో అవును అన్నాడు. కిటికీకి కావాల్సింది ట్రూ గానీ ఫాల్స్ గానీ, అదీ చిన్న అక్షరాల్లో, కొటేషన్ గుర్తులు లేకుండా. కొటేషన్లో పెడితే అది నిజం కాదు, నిజం అనే మాట మాత్రమే.

అయిదు బరువు దగ్గర పోయినాయి. అర కిలో అని రాసినాం. వాళ్ళు గ్రాముల్లో అంకె అడిగినారు, 500.

చివరి నాలుగూ చింతపండు. దీని కథ కొంచెం వివరంగా చెప్పాలి. ప్రతి సరుకుకూ పన్ను లెక్క కోసం హెచ్ఎస్ఎన్ కోడ్ అని ఒకటి ఉంటుంది. ఎండు చింతపండు 0813 కింద వస్తుంది. మన టమోటా 0702. తేనె 0409. ముందర సున్నా చూసినారా? ఎక్సెల్ ఆ సున్నాను తినేస్తుంది. నువ్వు 0813 కొడితే 813 చేసి పెడుతుంది. ఎందుకంటే దాని దృష్టిలో అంకెకు ఎడమపక్క సున్నాకు విలువ లేదు. బళ్ళో మనకూ అదే చెప్పినారు. కానీ కోడు అంకెలా కనిపించే పేరు, అంకె కాదు. పేరులో మొదటి అక్షరం తీసేస్తే పేరు ఎట్ల మిగులుతుంది? చాటల కోడు 4602, దానికి ముందర సున్నా లేదు, అందుకే బతికిపోయింది.

ఈ సున్నా సంగతి మన గ్రూపులో చాలామందికి వేరే రూపంలో తెలుసు. మా జూనియర్ ఒకడికి ఏడు నెలలు స్కాలర్‌షిప్ పడలేదు. తిరిగి తిరిగి చెప్పులు అరిగినాయి. చివరికి తేలిందేమంటే వాడి బ్యాంకు అకౌంటు నంబరు సున్నాతో మొదలవుతుంది, ఎవరో షీట్‌లో ఎక్కించేటప్పుడు సున్నా పోయింది. ఎవరు, ఏ ఆఫీసు అని ఇప్పుడు అనవసరం. ఎక్కించిన మనిషికి పగ లేదు, కుట్ర లేదు. ఆ గడిని అంకెగా కాకుండా టెక్స్ట్‌గా పెట్టాలని తెలియదు, అంతే. ఎక్సెల్ పదిహేను అంకెల తర్వాత ఉన్నవాటిని సున్నాలు చేసేస్తుందని కూడా తెలియదు. ఒకరికి తెలియనందుకు మా తమ్ముడు ఏడు నెలలు అప్పు చేసి మెస్సు కట్టినాడు. ఫార్మాట్ గుమాస్తాల విషయం, మనకెందుకు అనేవాళ్ళు వాడితో ఒకసారి మాట్లాడండి.

సరే, 31 వెనక్కి వచ్చినాయి. మేం ఏడుపు మొహాలు వేసుకుని కూర్చున్నాం. కానీ మిగిలిన 12 తీసుకున్నారు కదా, అదే చాలనుకున్నాం.

మమ్మల్ని ముంచింది ఆ పన్నెండే.

చాట ధర 350. కామా లేదు, గుర్తు లేదు, శుభ్రమైన అంకె. కిటికీ గమ్మున తీసుకుంది. ఆ రాత్రే నాలుగు చాటలకు ఆర్డర్ వచ్చింది. మేం హాస్టల్ వరండాలో ఎగిరినాం. వార్డెన్ సార్ వచ్చి తిట్టే దాకా ఎగిరినాం. తెల్లారి పేపర్లు చుట్టి, తాడు కట్టి, నాలుగూ పంపించేసినాం. తర్వాత డబ్బులు చూసుకుంటే పద్నాలుగు రూపాయలు.

పద్నాలుగు వందలు కాదు. పద్నాలుగు. చాట మూడు రూపాయల యాభై పైసలు.

ఆ కిటికీ ధరను రూపాయల్లో అడగలేదు, పైసల్లో అడిగింది. 350 రూపాయలకు 35000 అని రాయాలి. మేం 350 అని రాసినాం, అది 350 పైసలు అనుకుంది. ఇదేం వింత కాదు, మోసం అంతకన్నా కాదు. రేజర్‌పే లాంటి చెల్లింపు సంస్థలూ పైసల్లోనే తీసుకుంటాయి, బయటికే రాసిపెట్టినారు. దానికి కారణం ఉంది. కంప్యూటరు లోపల చుక్క ఉన్న అంకెలు కచ్చితంగా నిలవవు. దశాంశం ఒకటికి దశాంశం రెండు కలిపితే చాలా ప్రోగ్రాముల్లో దశాంశం మూడు రాదు, చివర ఎక్కడో తోక మిగులుతుంది. లక్ష బిల్లుల్లో ఆ తోకలన్నీ కలిస్తే లెక్క తేడా. అందుకే చుక్క లేకుండా పైసల్లో పూర్తి అంకె పెట్టుకుంటారు.

మరి మాకు ఎవరూ చెప్పలేదా? చెప్పినారు. వాళ్ళ నియమాల పేజీలో ఇంగ్లీషులో ఒక లైను ఉంది. మేం ఆ లైను చదివినాం కూడా. అందులో సబ్‌యూనిట్ అనే మాట మాకు అర్థం కాలేదు. ఆరుగురిలో ఒక్కరికీ అర్థం కాలేదు. ఒక్కరమూ పక్కోడిని అడగలేదు. అడిగితే వాడికి తెలిసి మనకు తెలియదని తేలిపోతుందేమోనని. ఇంటర్ నుంచీ మనకు ఇదే జబ్బు. క్లాసులో అర్థం కాకున్నా తల ఊపుతాం. ఆ తల ఊపుడు ఖరీదు 1,386 రూపాయలు. అవ్వకు మేం మాట ఇచ్చింది 1,400. వచ్చింది 14.

అవ్వ దగ్గరికి పోవడానికి మాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు. ఆరుగురం తలా కొంచెం వేసుకుని 1,400 పట్టుకుని పోయినాం. డబ్బు ఇచ్చేసి గమ్మున వచ్చేయొచ్చు. కానీ కాలనీలో ఒక పిల్లోడు ఫోన్లో చూసినాడు, ధర మూడున్నర అని. మేం పోయేసరికి కాలనీ అంతా తెలుసు. అవ్వ ఒక్కటే అడిగింది: "నా చాట మూడున్నరకు అమ్మి మిగతాది మీరు తిన్నారా నాయనా?"

మేం విషయం చెప్పినాం. పైసలు, రూపాయలు, కిటికీ, అంతా. అవ్వకు సగమే అర్థమైంది. నమ్మిందో లేదో అప్పుడు తెలియలేదు. పక్కన ఉన్న తాత అన్నాడు, "సంతలో రాయి తేడా పెట్టి తూకం కొట్టేవాడు కూడా ఇట్లనే చెప్తాడు, కంప్యూటరు అనడు, అంతే తేడా" అని. ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటా ఉంది. మన మనుషుల దృష్టిలో ఒక్క వారం మేం బయటి షావుకారు పక్కన నిలబడినాం.

ఇప్పుడు అన్న మాటకు వస్తాం. "కమీషన్ ఇస్తే వాళ్ళే చూసుకుంటారు."

నిజమే, వాళ్ళయితే 35000 అని రాసేవాళ్ళు. చాట 350కే అమ్ముడుపోయేది. కానీ అప్పుడు అవ్వకు ఎంత చేరేది? చాట 350కి పోయిందని అవ్వకు ఎవరు చెప్తారు? చెప్పినా అది నిజమని మనం ఎట్ల చూసుకుంటాం? టమోటా కోతకు పోయిన మన అమ్మలకు తెలుసు, ఎన్ని క్రేట్లు నింపినారో వాళ్ళు నోట్లో లెక్క పెట్టుకుంటారు, మేస్త్రీ పుస్తకంలో రాస్తాడు, సాయంత్రం చెల్లేది పుస్తకం. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో రెండొందల దగ్గరికి పోయింది, దేశం అంతా మన ఊరి పేరు చెప్పుకుంది. ఆ నెలలో కోత కూలీ ఎంత పెరిగిందో ఇంట్లో అమ్మను అడగండి. ధర ఎక్కడ రాస్తారో, ఎట్ల రాస్తారో తెలియనివాడికి ధర పెరిగినా ఒకటే, తగ్గినా ఒకటే.

ఇంకో మాట కూడా అంటున్నారు కొందరు. ఇది కొంచెం బలమైన మాట, అందుకే జాగ్రత్తగా జవాబు చెప్తాం. "ఈ ఫార్మాట్లన్నీ బయటోళ్ళు పెట్టినవి. మనం ఎందుకు వాళ్ళ గడుల్లో ఒదగాలి? మన లెక్క మనకుంది. మనకు జాన, మూర, తట్టెడు, గంపెడు ఉన్నాయి."

ఈ మాట అనేవాళ్ళకు చరిత్ర తెలుసు, ఒప్పుకుంటాం. మన వాళ్ళ పేర్లు మొదట గడుల్లో ఎక్కింది ఎక్కడ? 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చినారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, మన ఊర్లు అప్పుడు అందులోనే. కొరవలు, ఎరుకలు పుట్టుకతోనే దొంగలని రిజిస్టర్లు రాసినారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టినారు. 1952 ఆగస్టు 31న గానీ ఆ చట్టం పోలేదు. ఒక గడిలో కులం పేరు, పక్క గడిలో నేరం. ఆ ఫార్మాట్ తయారు చేసినవాడికి మనం మనుషులం కాదు.

అందుకే మేం అనేది, ఫార్మాట్లు రెండు రకాలు. ఆ రెండిటినీ కలిపి మాట్లాడితే మోసపోతాం.

మొదటి రకం ఊరికే ఒప్పందం. రోడ్డు మీద ఎడమ పక్క పోవడం లాంటిది. తేదీలో సంవత్సరం ముందు రాయడం, కామా తీసేయడం, పైసల్లో రాయడం, సున్నాను కాపాడుకోవడం. ఇందులో మన ఆత్మగౌరవం ఏమీ పోదు. అమెరికావాడు కూడా తన తేదీ పద్ధతి వదిలేసే ఆ కిటికీ దగ్గరికి రావాలి. దీన్ని నేర్చుకోకపోవడం తిరుగుబాటు కాదు, బద్ధకం. మేం బద్ధకించినాం, 1,386 కట్టినాం.

రెండో రకం ఒప్పందం కాదు, తీర్పు. మనం ఎవరమో, మన సరుకు ఏమిటో ఆ గడి ముందే తేల్చేసి ఉంటుంది. దాంతో ఒదగాల్సిన పని లేదు, కొట్లాడాలి. కానీ మొదటిది తెలియనివాడు రెండోది పట్టుకోలేడు. గడి పేరు చదవలేనివాడు గడి తప్పని ఎట్ల చెప్తాడు?

మేం చూసినవి చెప్తాం.

పేరు. మొదటి పేరు, ఇంటిపేరు రెండూ తప్పనిసరి అని ఉంది, ఒక్కోదానికి కనీసం రెండక్షరాలు. చాట అల్లిన అవ్వకు ఆధార్‌లో ఉన్నది ఒకటే పేరు. కోళ్ళ గంపలు అల్లే మామకు ఇంటిపేరు స్థానంలో ఒకే పొడి అక్షరం. మా ప్రోగ్రాం పంపితే "చెల్లదు" అన్నది. వాళ్ళ పేరు వాళ్ళది, అది చెల్లకపోవడం ఏంది? సుగాలి వాళ్ళకు నాయక్ అని, బాయి అని పెట్టి నింపినాం, సగం మందికి బ్యాంకులో అట్ల లేదు, మళ్ళీ అక్కడ తేడా.

బ్రాండ్. ఈ గడి ఖాళీగా వదలకూడదు. అవ్వ చాటకు బ్రాండ్ ఏంది? మేం జెనెరిక్ అని ఎంచుకున్నాం, వేరే దారి లేదు. నలభై ఏళ్ళుగా ఒకే చేతితో అల్లుతున్న చాట ఎవరిదో తెలియని సరుకు అయిపోయింది. తయారు చేసిన మనిషి పేరు రాయడానికి ఒక్క గడి లేదు. గోదాము ఏ వరుసలో ఉందో రాయడానికి మాత్రం మూడు గడులు ఉన్నాయి. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఎవరు చేసినారు, యాడ చేసినారు అనేదానికి విలువ ఉందని చట్టమే ఒప్పుకుంది. మన తండా అక్కల పనికి గడి కూడా లేదు.

భాష. సరుకు వివరం ఏ భాషలో ఉందో రెండక్షరాల కోడు రాయాలి. తెలుగుకు టి ఇ. మన భాషలకు రెండక్షరాల కోడు లేనే లేదు. మూడక్షరాల జాబితాలో ఉంది: లంబాడీకి ఎల్ ఎం ఎన్, ఎరుకల భాషకు వై ఇ యు. ప్రపంచ జాబితాలో మన భాష ఉంది, ఈ అంగడి గడిలో పట్టదు. ఒక్క అక్షరం చోటు ఎక్కువ ఇస్తే పట్టేది. కనిపించకుండా పోవడం అంటే ఇదే. ఎవడూ నిషేధించలేదు, చోటు తక్కువ పెట్టినారు, అంతే.

విభాగం. గిరిజన ఉత్పత్తులు అనే విభాగం తెరిస్తే తేనె, అరకు కాఫీ. మంచివే, అవి మన అన్నదమ్ముల కష్టమే. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది, విశాఖపట్నంలో దాని ప్రధాన కార్యాలయం. కానీ మనం మైదాన ప్రాంతం గిరిజనులం, మన ఊర్లు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు. ఎవరికైనా గిరిజనుడంటే కొండే గుర్తొస్తుంది. ఎరుకల చాట ఆ విభాగంలో పెడితే "సరిపోలేదు" అని వంట సామాన్ల కిందికి తోసేసినారు.

చిరునామా. ఇది మాత్రం మాకు ఒక పాఠం నేర్పింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి కొత్త అన్నమయ్య జిల్లాలోకి పోయింది. పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే నిలిచినాయి. మా షీట్‌లో సగం మదనపల్లె చిరునామాలకు చిత్తూరు అని, సగానికి అన్నమయ్య అని ఉంది. కానీ పిన్‌కోడు మారలేదు. మదనపల్లె 517325, పుంగనూరు 517247, కుప్పం 517425. 1972 ఆగస్టు 15న మొదలైన పద్ధతి అది, జిల్లా గీతలు ఎన్నిసార్లు గీసినా తపాలా దారి మారనంతవరకు అది మారదు. మంచి ఫార్మాట్ అంటే అట్ల ఉండాలి. పైన రాజకీయం ఎట్ల తిరిగినా కింద మనిషికి ఉత్తరం చేరాలి.

కాబట్టి ఫార్మాట్ అంతా శత్రువు అనేవాళ్ళతో మేం ఒప్పుకోం. ఫార్మాట్ అంతా వాళ్ళే చూసుకుంటారు అనేవాళ్ళతోనూ ఒప్పుకోం.

కంప్యూటర్లు రాకపోవడం మన సమస్య కాదు. మేం పుట్టకముందే, 2002లో, హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని పెట్టింది. ఊర్లలో సమాచార కేంద్రాలు వచ్చినాయి, ఆడవాళ్ళ చేతికి డిజిటల్ కెమెరాలు, చిన్న ప్రింటర్లు ఇచ్చినారు. ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. వచ్చిన ప్రతిసారీ మనకు నేర్పింది బటన్ ఎక్కడ నొక్కాలో. మనకు వచ్చే ట్రైనింగులు చూడండి: స్పోకెన్ ఇంగ్లీషు, డేటా ఎంట్రీ, ఇంటర్వ్యూకు టక్ చేసుకోవడం. డేటా ఎంట్రీ అంటే గడి నింపడం. గడి ఎందుకట్ల ఉంది, అందులో ఏం పట్టదు, ఎవరు నిర్ణయించినారు అని ఏ ట్రైనింగులోనూ చెప్పరు. గడి నింపేవాడికి నెలకు ఇంత అని జీతం. గడి గీసేవాడిది మార్కెట్ అంతా.

ఆ గడి గీసే నియమాలు ఇప్పుడు కొన్ని బయటే ఉన్నాయి. 2021 డిసెంబరు 31న ఓఎన్‌డీసీ సంస్థ రిజిస్టరయింది, ఒక్క కంపెనీ గుప్పిట్లో కాకుండా అందరూ అమ్ముకునే నెట్‌వర్క్ కోసం. అందులో చీటీ ఎట్ల రాయాలో అందరికీ కనిపించేట్టు పెట్టినారు. అక్కడ ధర పైసల్లో కాదు, రూపాయల్లో, అదీ అంకెగా కాదు, కొటేషన్లో టెక్స్ట్‌గా. ఏడు రోజుల్లో వాపసు అనడానికి పీ 7 డీ అని రాయాలి, నలభై అయిదు నిమిషాల్లో పంపుతాం అంటే పీ టీ 45 ఎం. చూసినారా, ఒక అంగడిలో 35000, ఇంకో అంగడిలో కొటేషన్లో 350.00. చాట అదే, అవ్వ అదే. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పెడితే ఈసారి 35000 రూపాయల చాట అవుతుంది, ఎవడూ కొనడు. బట్టీ పట్టి లాభం లేదు, ఏ కిటికీకి ఆ కిటికీ నియమం చదవాల్సిందే.

అందుకని మేం కొన్ని పనులు అడుగుతున్నాం. ఉపన్యాసం కాదు, పనులే.

ఒకటి. ప్రతి హాస్టల్లో ఒక నోటుబుక్కు. తెలుగులో. ఏ అంగడికి ధర ఎట్ల, తేదీ ఎట్ల, అవును-కాదు ఎట్ల, బరువు ఏ కొలతలో, ఏ గడి అంకె, ఏ గడి అంకెలా కనిపించే పేరు. పిన్‌కోడు, ఫోను, అకౌంటు, హెచ్ఎస్ఎన్ నాలుగూ టెక్స్ట్‌గానే పెట్టాలని మొదటి పేజీలో రాయండి. మదనపల్లె హాస్టల్లో మాది మొదలయింది, తొమ్మిది పేజీలు అయినాయి. ఫోటోలు కింద పెడతాం.

రెండు. ఏదైనా ముందు ఒకటే పంపండి. పరీక్ష పద్ధతి ఉంటే అందులో పంపండి, లేకుంటే మీరే ఒకటి కొని చూడండి. చీటీ వెనక్కి వస్తే సంతోషపడండి, కిటికీ మేలుకునే ఉంది. గమ్మున తీసుకున్నప్పుడే రెండుసార్లు చూడండి. మా 31 తప్పుల వల్ల పైసా నష్టం రాలేదు. తప్పు కాదనుకున్న ఒక్క అంకె ముంచింది.

మూడు. మాట అర్థం కాకపోతే గ్రూపులో అడగండి. సబ్‌యూనిట్ అంటే ఏంది అన్నా అని అడగడానికి సిగ్గుపడినవాళ్ళం ఆరుగురం ఇక్కడ ఉన్నాం, ఎవడైనా మిమ్మల్ని ఎగతాళి చేస్తే మా దగ్గరికి పంపండి.

నాలుగు. అన్నలూ అక్కలూ, సంతకాలు కావాలి. తయారు చేసిన మనిషి పేరుకు గడి, ఒకే పేరు ఉన్నవాళ్ళను తీసుకునే గడి, మూడక్షరాల భాష కోడు, మైదాన గిరిజనుల పనికి చోటు. ఈ నాలుగూ అడుగుతూ అంగళ్ళకు, సంబంధిత శాఖలకు ఉత్తరం రాస్తున్నాం. ఏడుస్తూ రాయడం లేదు, ఏ గడి ఎట్ల మార్చాలో వాళ్ళ భాషలోనే రాస్తున్నాం. గ్రూప్స్‌కి చదివే అన్నా, నువ్వు రేపు ఆఫీసరయి ఒక దరఖాస్తు ఫారం గీయిస్తావు. అప్పుడు నీకు కూడా ఇది కావాలి. ముఖ్యంగా నీకే కావాలి.

చివరిగా అవ్వ సంగతి. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ పోయినాం. ఈసారి తప్పు ఎక్కడ జరిగిందో కాగితం మీద గడులు గీసి చూపించినాం. అవ్వ చూసి, "బద్ద లెక్క తప్పితే చాట వంకర పోతుంది. మీకు బద్ద లెక్క రాదు, అల్లడానికి కూర్చున్నారు" అన్నది. అంతకంటే బాగా మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. తర్వాత లోపలికి పోయి ఎనిమిది చాటలు తెచ్చి మా ముందర పెట్టింది. డబ్బు ముందు అడగలేదు.

ఆ రాత్రి ధర గడిలో 35000 అని కొట్టినాం. కొట్టేటప్పుడు చెయ్యి వణికింది, ముప్పై అయిదు వేలు అని కనిపిస్తా ఉంటే. ఒక్క చాటే పెట్టినాం. మాలో ఒకడు వాడి ఫోను నుంచి కొన్నాడు. అకౌంట్లో 350 తగ్గింది. అప్పుడు మిగతా ఏడూ పెట్టినాం.

ఇంక తిట్టేవాళ్ళు తిట్టండి, సంతకం పెట్టేవాళ్ళు కింద పేరు, ఊరు రాయండి. ఒకటే పేరు ఉన్నవాళ్ళు ఒకటే రాయండి. ఇక్కడ చెల్లుతుంది.

మదనపల్లె హాస్టల్ నుంచి మేం ఆరుగురం